కడుపుమంటకు మార్కులెన్ని

పెద్దకోడలికి చిన్నకోడలంటే గిట్టదు. ఎందుకు గిట్టదో చెప్పమంటే ఒక్క కారణమూ దొరకదు, ఆవిడ అసలు బాధే అది. చిన్నకోడలు ఎదురు చెప్పదు, చాడీలు మొయ్యదు, వంటింట్లో ఎవరి వాటా పని ఎవరిదని పేచీ పెట్టదు. "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరుగుతుంది. తప్పు పట్టడానికి ఇంత సందు కూడా ఇవ్వని మనిషి మీద కోపం తెచ్చుకోవాలంటే ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పెద్దకోడలు ఆ కష్టం రోజూ పడేది.

ఇద్దరూ డాక్టర్లే, ఒకటే ఆస్పత్రి. పెద్దావిడ పై అంతస్తులో ఆపరేషన్లు చేసే సర్జను. చిన్నావిడ కింద ఎమర్జెన్సీ వార్డులో ముందుగా రోగుల్ని చూసే డాక్టరు. చిన్నావిడ ఈ ఇంటికీ ఆ ఆస్పత్రికీ రాకముందు పెద్దావిడ చేతికి ఎంత పేరుండేదో చెప్పనలవి కాదు. కడుపునొప్పని ఎవరొచ్చినా బొడ్డుకి కుడివైపు కింద నాలుగు వేళ్ళు ఆనించేది. రోగి మొహంలోకి చూస్తూ నొక్కేది. "అపెండిక్సే, థియేటరు సిద్ధం చెయ్యండి" అనేది. ఇంక తిరుగు లేదు. నర్సులు ఆవిడ చేతిని గురించి మాట్లాడుకుంటుంటే ఆవిడ వినబడనట్టే ఉండి మొత్తం వినేది.

అలాంటి చోటికి చిన్నకోడలు ఒక లెక్క పట్టుకొచ్చింది. నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగితే ఒక మార్కు. ఆకలి చచ్చిపోతే ఒకటి. వికారమో వాంతో ఉంటే ఒకటి. అక్కడ నొక్కితే నొప్పి పుడితే రెండు. నొక్కిన చెయ్యి చటుక్కున తీసినప్పుడు ప్రాణం గిలగిలలాడితే ఒకటి. జ్వరానికి ఒకటి. రక్తంలో తెల్లకణాలు పెరిగితే రెండు, వాటిలో ఒక రకం మరీ ఎక్కువైతే ఇంకొకటి. మొత్తం పది. ఏడూ ఆపైన వస్తే థియేటరుకి, నాలుగూ ఆలోపైతే ఇంటికి, మధ్యలోవాళ్ళు మంచమ్మీద పడుకుని ఎదురుచూడాలి.

పోనీ ఇదేమన్నా ఆ పిల్ల కనిపెట్టిందా అంటే అదీ కాదు. ఎప్పట్నుంచో ఉన్నదే. పెద్దకోడలు కూడా చదువుకునే రోజుల్లో బట్టీపట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన లెక్కే. దాన్ని ఈ మహాతల్లి మళ్ళీ తవ్వి తీసి, ప్రతి కడుపునొప్పికీ ఓపిగ్గా కూర్చుని మార్కులు వేసి పైకి పంపడం మొదలుపెట్టింది. వార్డులో అందరూ "మార్కులమ్మ" అని ముద్దుగా పిలవసాగారు. సర్జన్లందరి మీదా పెద్దగా ఉండే పెద్ద డాక్టరు ఒకరోజు మీటింగులో, "ఈ లెక్క వచ్చాక మనం ఊరికే పొట్టలు కోయడం తగ్గింది" అన్నాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా అన్ని తలలూ పెద్దకోడలి వైపే తిరిగాయి, ఎందుకంటే చివరిసారి శుభ్రంగా ఉన్న అపెండిక్సును కోసి తీసింది ఆవిడే. తల కొట్టేసినట్టయింది. పక్కనే కూర్చున్న చిన్నకోడలు మాత్రం, "అక్క చెయ్యి లేకపోతే నా లెక్క ఎందుకు సార్?" అంది. అది పొగడ్తా, పుండు మీద కారమా? పెద్దకోడలు రెండోదే అనుకుంది.

ఇంట్లో సంగతి ఇంకా అన్యాయం. అత్తగారు బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదే దుకాణం, అందులో కాళ్ళతో తొక్కే పాత మిషను. మోటారు పెట్టిస్తామంటే "నా కాళ్ళేమన్నా పడిపోయాయా?" అని కొడుకులిద్దరి మీదా లేచింది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, అడిగినా అడక్కపోయినా, "మా చిన్నకోడలు డాక్టరమ్మ. ఎంత ఓపికనుకున్నారు! ఆ నోట ఒక్క పెళుసు మాట రాదు" అని మొదలెట్టేది. పెద్దకోడలు కూడా డాక్టరేగా అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఆఁ, ఉంది. పొట్టలు కుడుతుంది. ఒక్క గుండీ కుట్టిపెట్టవే అంటే మర్నాటికి ఊడి చేతికొచ్చింది" అని చప్పరించేసేది.

చిన్నకోడలితో "తిన్నావామ్మా? కాసేపు నడుం వాల్చు తల్లీ." పెద్దకోడలితో "ఏమే, ఆ తలేంటి, పిచ్చిదానిలా? ఆ గిన్నె అక్కడ పెట్టమని ఎవరన్నారు? చెవుల్లో దూదేమన్నా పెట్టుకున్నావా?" పెళ్ళై గడప తొక్కినప్పట్నుంచీ ఇదే వరస. ఈ ఇంటికి ముందొచ్చింది ఎవరు? మామగారు పోయినప్పుడు అత్తగారిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది ఎవరు? కంటి ఆపరేషనైతే చుక్కలు వేసింది ఎవరు? తిట్లేమో నాకు, ముద్దులేమో దానికా? ఈ మాట ఒకసారి మొగుడి దగ్గర కక్కేస్తే, ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం కప్పుకున్నాడు.

ఏం చెప్పమంటారు, ఇది కడుపుమంటే. ఎన్ని పేర్లు పెట్టుకున్నా కడుపుమంటే. ఆవిడ చదివిన పుస్తకాల్లో దానికి మందు లేదు, చిన్నకోడలి లెక్కలో దానికి మార్కు లేదు.

ఆ రోజు పొద్దున పెద్దకోడలు మేడ మీంచి దిగుతుంటే మిషను చప్పుడు తేడాగా వినిపించింది. రోజూ గలగలా సాగే చప్పుడు, ఆగుతూ కుంటుతూ వస్తోంది. తొంగి చూస్తే అత్తగారు ఎడమకాలితోనే తొక్కుతోంది. కుడికాలు స్టూలు కిందికి ముడిచి పెట్టుకుంది.

"అత్తయ్యా, కాలికేమైంది?"

"కాలికేమవుతుంది? కాలు కాలులాగే ఉంది. నువ్వు ముందు ఆ చీర కుచ్చిళ్ళు సరిచేసుకో, ఊరంతా ఊడ్చుకుపోయేలా ఉన్నావు."

వంటింట్లోంచి చిన్నకోడలు పళ్ళెం పట్టుకొచ్చింది. "అత్తయ్యా, మీకోసం పొద్దున్నే లేచి చేశాను, వేడిమీద తినండి" అంది. అత్తగారి మొహం చేటంతైంది. "ఎందుకమ్మా నీకింత శ్రమ!" అంది. అంతే, పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. కాలి సంగతి అక్కడే వదిలేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఆస్పత్రికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వరకూ ఆపరేషన్లే. చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి హెడ్‌నర్సు, "మేడమ్, మీ అత్తగారు కింద ఎమర్జెన్సీలో ఉన్నారు. మీకు తెలుసనుకున్నానే!" అంది. అత్తయ్యకేమైందో అనుకుంటూ పెద్దకోడలు మెట్ల వైపు పరిగెత్తింది. మెట్లు దిగుతుండగా రెండో ఆలోచన వచ్చింది: ఇదే బిల్డింగులో నేనుండగా నాకొక్క ముక్క చెప్పలేదా? కింది మెట్టు చేరేసరికి మొదటి ఆలోచన వెనక్కిపోయి రెండోదే మిగిలింది.

అత్తగారు మెడదాకా దుప్పటి కప్పుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు నవ్వుమొహంతో పడుకునుంది. పక్కన చిన్నకోడలు.

"కంగారేం లేదక్కా. కుట్టుకి వచ్చినావిడ చూసి ఫోన్ చేసింది, నేనే వెళ్ళి తీసుకొచ్చాను. నాలుగే వచ్చింది. నొక్కితే నొప్పి ఉంది, రెండు. తెల్లకణాలు పెరిగాయి, రెండు. అంతే. ఆకలి బాగానే ఉందంటున్నారు, వాంతి లేదు, జ్వరం లేదు. నొప్పి మొదట్నుంచీ అక్కడేనట. స్కానింగులో పేగుల్లోని గాలి అడ్డొచ్చి ఏమీ కనబడలేదు. మందులిచ్చి ఇంటికి తీసుకెళ్ళి, రేపు మళ్ళీ చూద్దామనుకుంటున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు థియేటర్లో ఉన్నారు కదా... అదీగాక, అత్తయ్యే వద్దన్నారు."

"దానికెందుకు చెప్పడం?" అంది అత్తగారు. "వచ్చి నానా యాగీ చేస్తుంది. చిన్నది చూసిందిగా, చాలు."

చిన్నది చూసిందిగా, చాలు. పొట్టల మీద ఇన్నేళ్ళు పెట్టిన చెయ్యి, సొంత అత్తగారి పొట్టకి అక్కర్లేకపోయింది! పెద్దకోడలు బయటికొచ్చేసింది.

వరండాలో రోగుల బంధువులు బెంచీల మీద కునుకుతున్నారు. ఆవిడ ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచింది. కోపంతో నడుస్తున్నా డాక్టరు బుర్ర ఊరుకోదు కదా, పొద్దున చూసిన ఎడమకాలు గుర్తొచ్చింది. కుడికాలు ఎత్తితే నొప్పి. అంటే లోపల వాచిన అపెండిక్సు నడుం కండరాన్ని రాసుకుంటోంది. ఆ పది మార్కుల్లో కాలికి మార్కు లేదు. నాలుగు తప్పు. ఇంకా ఎక్కువ రావాలి. ఎక్కడో ఏదో తేడా జరిగింది.

సరిగ్గా అప్పుడే, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆవిడకి ఇంకో ఆలోచన వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళనీ. మార్కులమ్మ పంపించేసిన మనిషిని రేపు స్ట్రెచర్ మీద తెస్తారు. పెద్ద డాక్టరు చూస్తాడు, నర్సులు చూస్తారు, మొగుడు పేపరు దించి చూస్తాడు. లెక్క తప్పిందని, చెయ్యే గెలిచిందని అందరికీ తెలుస్తుంది. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, నోరు మూసుకుంటే చాలు.

ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో ఆ రేపటి రోజు ఎంత తియ్యగా కనబడిందో ఆవిడకి తెలుసు. ఛీ, నేను మనిషినేనా అనుకుంది. గిరుక్కున వెనక్కి తిరిగింది. మంచితనం పొంగుకొచ్చి తిరిగిందని మీరనుకుంటారేమో, అంత లేదు. ఆ పిల్ల వేసిన నాలుగు నిజమని అందరూ నమ్ముతూ ఉంటే రేపటిదాకా ఓర్చుకోవడం కూడా ఆవిడ వల్ల కాలేదు. ఏదైతేనేం, తిరిగింది.

"నువ్వెళ్ళి ఆ మందులేవో రాసుకురా, నేనిక్కడుంటాను" అని చిన్నకోడల్ని పంపేసి, మంచం చుట్టూ తెర లాగింది.

"అత్తయ్యా, ఆకలిగా ఉందా?"

"ఆకలా? నీకేమన్నా మతి పోయిందా? నిన్నట్నుంచి ముద్ద దిగితే ఒట్టు."

"మరి ఆకలి బాగానే ఉందని చెప్పారట?"

"పొద్దున్నే లేచి నాకోసం చేసిపెట్టింది పాపం. వద్దంటే ఏమనుకుంటుంది? తిన్నాను."

"తిన్నారా!"

"తిన్నాను. మీరటు వెళ్ళగానే పెరట్లో కక్కేశాను. నీళ్ళు పోసి కడిగేశాను కూడా."

"వాంతి లేదని చెప్పారు కదత్తయ్యా!"

"ఆ పిల్ల చేసింది తిని కక్కానని ఆ పిల్లతోనే చెప్పమంటావా? బుద్ధుందా నీకు? ఇన్ని చదువులు చదివావు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలీదు."

పెద్దకోడలు లెక్కకి ఒక్కో వేలూ ముడుస్తోంది. "నొప్పి మొదట ఎక్కడొచ్చింది?"

"బొడ్డు చుట్టూ. నిన్న మొదలైంది, తర్వాత ఇదిగో ఇటు దిగింది. నిన్నట్నుంచీ అంటే 'నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆ ఏడుపు ఎవరు చూస్తారు? అందుకే ఇక్కడే ఉందమ్మా, ఇప్పుడే వచ్చిందమ్మా అన్నాను. ఇది ఆ ఇరవైనాలుగ్గంటల నొప్పి అయ్యుంటుందే. మా పిన్ని దీంతోనే పోయింది."

"అది తెలిసీ దాచారా? జ్వరం?"

"బిళ్ళ వేసుకున్నాను. కాలిపోతున్న ఒంటితో ఆస్పత్రికి వస్తే ఏం మర్యాదగా ఉంటుంది?"

చూశారా! జ్వరం తగ్గించుకుని, మొహం కడుక్కుని, అందరికీ నచ్చే జవాబులు సిద్ధం చేసుకుని ఆస్పత్రికి వచ్చిన రోగి ఈవిడ. ఇలాంటివాళ్ళకి మార్కులు వేయమంటే దేవుడికైనా నాలుగే వస్తాయి.

పెద్దకోడలు దుప్పటి తీసి, కుడివైపు కింద నాలుగు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కి, చటుక్కున తీసింది.

"చంపేశావు కదే! నీ చెయ్యి విరగ! మనిషి చెయ్యా, ఇనపకమ్మా అది?"

"ఇందాక అది చెయ్యి తీసినప్పుడు ఇలా అరిచారా?"

"పళ్ళు బిగబట్టుకున్నాను."

ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, రక్తానికి రెండు. ఎనిమిది. జ్వరానికి తొమ్మిదోది కూడా వేసేదే గానీ, థర్మామీటరులో కనబడనిదానికి మార్కు వేస్తే రేపు ఆ పిల్ల వేలెత్తి చూపిస్తుందేమోనని మానేసింది. అంత కుళ్ళులోనూ లెక్క లెక్కే.

తెర తీసేసరికి చిన్నకోడలు మందుల చీటీతో ఎదురొచ్చింది. పెద్దకోడలు గొంతు తగ్గించలేదు. నర్సులు వినాలి, పక్క మంచం వాళ్ళు కూడా వినాలి.

"నువ్వు నాలుగు వేశావు. నాకు ఎనిమిది వచ్చింది. అదే మనిషి, అదే పొట్ట."

"ఎలా అక్కా? నేను ఒక్కటీ వదలకుండా అడిగాను."

"అడిగావు. నీకు నిజం చెప్పలేదు. నాకు చెప్పారు" అని ఒక్కో మాటా నొక్కి నొక్కి చెప్పింది పెద్దకోడలు. గెలుపు గొంతులో తేనెలా దిగింది. చిన్నకోడలి మొహం మాత్రం పాలిపోయింది. తప్పు దొరికినందుకు కాదని, ఇంకెందుకో అని పెద్దకోడలికి అప్పుడు తట్టలేదు.

పెద్ద డాక్టరు వచ్చి చూసి, వెంటనే ఆపరేషన్ అన్నాడు. "ఇంట్లోవాళ్ళ పొట్ట ఇంట్లోవాళ్ళు కోయకూడదు. నేను చేస్తాను, మీరిద్దరూ బయటే" అన్నాడు. అలా తోడికోడళ్ళిద్దరూ థియేటరు బయట ఒకే బెంచీ మీద, ఎప్పుడూ రోగుల తాలూకు వాళ్ళు కూర్చునే చోట కూర్చోవాల్సి వచ్చింది. మొగుళ్ళిద్దరూ దారిలో ఉన్నారు.

పెద్దకోడలు మనసులో ఎనిమిదిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. అప్పుడు చిన్నకోడలు ఏడవడం మొదలెట్టింది.

"నాకు అబద్ధం చెప్పారక్కా."

"నిన్ను బాధపెట్టడం ఇష్టం లేక. నువ్వంటే అంత ముద్దు మరి" అంది పెద్దకోడలు, ఆ 'ముద్దు' దగ్గర మూతి తిప్పుతూ.

"ముద్దా? పక్కింటావిడ వస్తే కూడా ఇలాగే మాట్లాడతారు. ఎందుకమ్మా శ్రమ, కూర్చోమ్మా అని. నన్నొక్కసారి తిట్టలేదక్కా. మొన్న పాలన్నీ పొంగించేశాను, పొయ్యంతా పాలే. 'పర్లేదమ్మా, పాలేగా' అన్నారు. అదే మీరైతే వీధి చివరిదాకా వినబడేది. మీరిద్దరూ వంటింట్లో అరుచుకుంటుంటే నేను గదిలో కూర్చుని వినేదాన్ని. నాకెంత కుళ్ళుగా ఉండేదో మీకు తెలీదు. ఈ ఇంట్లో నాకెప్పటికైనా ఒక్క తిట్టు పడుతుందా అనుకునేదాన్ని. ఇవాళ చూడండి, ప్రాణం పోతున్నా నాకు మర్యాదే చేశారు."

పెద్దకోడలు ఆ మొహం వైపు చూసింది. ఇన్నాళ్ళూ తను ఎవర్ని చూసి ఏడుస్తోందో ఆ మనిషి తనని చూసి ఏడుస్తోందా? గిన్నె గురించి, తల గురించి, గుండీ గురించి పడ్డ తిట్లన్నీ ఒక్కసారి కళ్ళముందు వరస కట్టాయి. అవన్నీ తన ఆస్తి. ఈ పిల్లకి అందులో చిల్లిగవ్వ లేదు. అక్కలా భుజం మీద చెయ్యి వెయ్యాల్సిన సమయం అది. కానీ ఆవిడకి కలిగింది జాలి కాదు, పరమానందం. ఆ ఆనందం మొహంలోకి రాకుండా చూసుకుంటూ, "కాఫీ తాగుతావా?" అని మాత్రం అడిగింది.

పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. "పగలబోతుండగా పట్టాం. కొస నల్లబడింది, చుట్టూ చీము ఊరింది, కడిగేశాం. ఈ రెండ్రోజులూ కనిపెట్టుకుని ఉండాలి. లోపల మళ్ళీ చీము చేరిందంటే పొట్ట ఉబ్బరిస్తుంది, నొప్పి ఎక్కువవుతుంది. ఆవిడ దాచుకోకుండా చెప్పాలి, మీరు వెంటనే నాకు చెప్పాలి" అన్నాడు.

మర్నాడు పెద్దకోడలికి పొద్దున్నుంచీ ఆపరేషన్లున్నాయి. చిన్నకోడలు సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. థియేటరుకి పోతూ పోతూ పెద్దకోడలు గది దగ్గర ఆగింది. తెర అవతల మాటలు వినబడుతున్నాయి.

"నొప్పి ఎలా ఉందత్తయ్యా?"

"హాయిగా ఉందమ్మా. నువ్వు కాసేపు పడుకో తల్లీ, కళ్ళు గుంటలు పడ్డాయి."

"పొట్ట బరువుగా ఏమన్నా..."

"అబ్బే, లేదు లేదు. దూదిలా ఉంది."

పెద్దకోడలు తెర సందులోంచి చూసింది. మొహం నవ్వుతోంది. దుప్పటి అంచు కింద కనబడుతున్న పిడికిలి మాత్రం పక్కబట్టని నలిపేస్తోంది.

ఇంకేముంది, మళ్ళీ మొదటికొచ్చింది. పొద్దున్నుంచీ సాయంత్రందాకా మంచం దగ్గరుండేది చిన్నకోడలు. లోపల చీము చేరుతున్నా ఈవిడ హాయిగా ఉందమ్మా అనే అంటుంది. మార్కుల్లో రెండోసారి సున్నాలు పడతాయి, ఈసారి సరిదిద్దడానికి పెద్దకోడలి చేతులు ఇంకెవరి పొట్టలోనో ఉంటాయి. మందు ఒక్కటే. ఆ మందు తన ఒక్కతె దగ్గరే ఉంది. ఇవ్వాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. నిన్ననేగా తనకొక ఆస్తి ఉందని తెలిసింది, ఒక్కరోజైనా కాలేదే, అప్పుడే పంచెయ్యాలా?

చిన్నకోడలు వేడినీళ్ళ కోసం బయటికెళ్ళింది. పెద్దకోడలు లోపలికెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా, దాన్ని కూడా తిట్టండి."

"ఎవర్నే?"

"మీ చిన్నకోడల్ని."

"ఏం చేసిందని?"

"ఏమీ చెయ్యలేదు. అయినా తిట్టండి. నొప్పుంటే నొప్పని దాని మీద అరవండి. నా మీద అరిచినట్టు."

"నీకు పిచ్చి ముదిరింది. పరాయింటి నుంచి వచ్చిన పిల్ల, ఏమనుకుంటుంది?"

"మరి నేను?"

"నువ్వేంటి?"

"నేను మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చాను? నేనూ పరాయింటి నుంచే వచ్చానుగా!"

అత్తగారు కోడలి వైపు చూసింది. ఏదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి. "అవును సుమా," అంది చివరికి, ఎవరో కొత్త సంగతి చెప్పినట్టు. "నువ్వూ పరాయింటి నుంచే వచ్చావు."

పెద్దకోడలు కిటికీ వైపు తిరిగి, కాసేపు ఆస్పత్రి వెనక పార్కు చేసిన బళ్ళని చూసింది. ముక్కు ఎగబీల్చింది. ఇంక అక్కడితో ఆపేసి వెళ్ళిపోవచ్చు. ఇంతకంటే ఏం కావాలి మనిషికి? అయినా దుప్పటి కింద ఆ పిడికిలి ఉందే.

"నిన్న మీ మర్యాద వల్లే మీ ప్రాణం మీదికొచ్చింది. అది ఏమీ అనుకోదత్తయ్యా. మీరు ఎప్పుడు తిడతారా అని కాచుక్కూర్చుంది. నిన్న దానికోసమే ఏడ్చింది కూడా."

"తిట్టలేదని ఏడ్చిందా?"

"అవును."

"ఏం కోడళ్ళు దొరికారే బాబూ నాకు! ఒకత్తి తిడితే ఏడుస్తుంది, ఇంకొకత్తి తిట్టకపోతే ఏడుస్తుంది" అంది అత్తగారు, నవ్వబోయి కుట్లు లాగి మూలుగుతూ.

చిన్నకోడలు నీళ్ళు పట్టుకొచ్చింది. పెద్దకోడలు తెర ఇవతలికి వచ్చింది గానీ కాళ్ళు కదల్లేదు.

"నొప్పి ఎలా ఉందత్తయ్యా?"

అత్తగారు గొంతు సవరించుకుంది. మొదట కొంచెం తడబడుతూ, తర్వాత దారి దొరికి, ఆ తర్వాత పట్టపగ్గాల్లేకుండా సాగింది.

"ఎలా ఉంటుంది? చస్తున్నాను. పొట్ట కోసి కుడితే పూలదండలా ఉంటుందా? ఇదే మాట పొద్దున్నుంచీ అడుగుతావు, మొహం చూసి చెప్పలేవూ? ఆ దిండు అలాగేనా పెట్టేది? ఎత్తు! అంత కాదు, మొద్దూ! పాలు చూస్తే పొయ్యి మీద పోస్తావు, దిండు చూస్తే నేల మీద పడేస్తావు. ఆ పాల సంగతి అప్పుడే అడగాల్సింది, ఊరుకున్నాను. కక్కొచ్చేలా వండుతావు, పైగా వేడిమీద తినండీ అని ఒకటి! ఏంటా ఏడుపు? కళ్ళు తుడుచుకో ముందు. ఇదిగో, ఇక్కడ, ఈ కుట్టు పక్కన లాగుతోంది. సరిగ్గా చూడు!"

"చూస్తున్నానత్తయ్యా" అంది చిన్నకోడలు, ఏడుస్తూ నవ్వుతూ.

నర్సు ఒకామె గొడవనుకుని పరిగెత్తుకొచ్చింది. పెద్దకోడలు చేత్తో ఆపి, ఏం లేదులే అంది. లోపల ఇంకా ఆగలేదు. దిండు అయింది, పాలు అయ్యాయి, ఇప్పుడు చిన్నకోడలి జడ మీదికి వచ్చింది. పెద్దకోడలికి ఇంత పొడుగు తిట్టు ఎన్నడూ పడలేదు. ఆ మొద్దు అన్న మాట తననెప్పుడూ అనలేదే! థియేటర్లో తనకోసం రోగి ఎదురుచూస్తోంది, ఇప్పటికే ఆలస్యమైంది. అయినా ఉండబట్టలేక తెర తొలగించి తల లోపలికి పెట్టింది.

"అత్తయ్యా, నన్నేమన్నా పిలిచారా?"

"నిన్నెవరు పిలిచారే?" అని కసిరింది అత్తగారు. "మేమేదో మాట్లాడుకుంటుంటే మధ్యలో నీ పెత్తనమేంటి? పో!"

పెద్దకోడలు తెర వేసేసి థియేటరు వైపు నడిచింది. తిట్టు దక్కింది, దాంట్లో లోటేమీ లేదు. కానీ ఆ 'మేము'లో తను లేదు.